ఇంటిల్లిపాదీ నిలిపిన రాళ్లు

కణ్హుడు, అతని తమ్ముడు చుళ్ల కణ్హుడు, తోబుట్టువు నాఖ. ఈ ముగ్గురూ కలిసి సుమారు రెండు వేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, మహాచైత్యమనే పెద్ద స్తూపం పాదం దగ్గర ఒక రాతి పలక నిలబెట్టించారు. దాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో తమ పేర్లు చెక్కించారు. కణ్హుడి పేరు ముందు ‘దమిళ’ అని ఉంది కాబట్టి వాళ్లది తమిళ దేశమని పండితులు చెబుతారు. ఇద్దరన్నదమ్ములు, ఒక ఆడపడుచు కలిసి ఒక పుణ్యస్థలానికి రాయి ఇచ్చుకున్నారు. అమరావతి చరిత్ర అనగానే శాతవాహన రాజుల జాబితా అప్పజెప్పడం మనకు అలవాటైపోయింది. కానీ అక్కడి రాళ్లు చదివినకొద్దీ రాజులకన్నా ముందు ఎదురుపడేది ఇలాంటి కుటుంబాలే.

తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమరావతికి ఇంటిల్లిపాదీ చేసే ప్రయాణం ఇప్పటికీ సాగుతోంది. కార్తీక సోమవారానికో, సంక్రాంతికి అల్లుళ్లు వచ్చినప్పుడో, అమెరికా నుంచి పిల్లలు దిగినప్పుడో ‘అమరావతి వెళ్లొద్దాం’ అనుకుంటారు. పాతిక కిలోమీటర్ల లోపు దారి. పొద్దున్నే కృష్ణలో మునిగి, పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాక, పిల్లలు అడిగితే స్తూపం వైపు నడుస్తారు. ఎదురుగా ఎత్తు తక్కువ గుండ్రటి ఇటుక దిబ్బ, దాని చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన తెల్లటి పలకలు, విరిగిన స్తంభాలు. ‘ఇంతేనా?’ అంటారు పిల్లలు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగితే ఆ ప్రయాణం విహారయాత్రను మించిపోతుంది.

ముందు ఒక గందరగోళం తొలగించుకోవాలి. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రాజధానికి అమరావతి పేరు పెట్టారు. తుళ్లూరు, మందడం, వెలగపూడి, నేలపాడు లాంటి ఊళ్లు ఆ రాజధాని ప్రాంతంలోవి. కృష్ణ వెంబడి జరీబు భూములు, లోపలికి మెట్ట చేలు, పత్తి, మిరప ఎరిగిన ఊళ్లు అవి. స్తూపం ఉన్న పాత అమరావతి మాత్రం వాటికి పడమట, నది ఎగువన ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది పల్నాడు జిల్లాలోకి వెళ్లింది, తుళ్లూరు గుంటూరులోనే మిగిలింది. పాత అమరావతిని ఆనుకునే ధరణికోట ఉంది. ధాన్యకటకం అంటే ఆ కోట, ఈ స్తూపం కలిసిన పట్టణమే. 1960ల మొదట్లో ధరణికోటలో తవ్వినప్పుడు పడవలు వచ్చి ఆగే కాలువ, రేవు కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. సముద్రం మీంచి మచిలీపట్నం వైపు దిగిన సరుకు నదిలో పైకి, లోపలి నుంచి వచ్చిన సరుకు నదిలో కిందికి. వర్తకులున్న చోట డబ్బు, డబ్బున్న చోట దానం.

పిల్లలకు చెప్పాల్సిన మొదటి సంగతి కొలతలు. మధ్యప్రదేశ్‌లోని సాంచి పెద్ద స్తూపం వ్యాసం సుమారు 120 అడుగులు. అమరావతి మహాచైత్యానిది సుమారు 160 అడుగులు. చుట్టూ కట్టిన రాతి ప్రాకారం అంచు నుంచి అంచుకు 190 అడుగులు దాటుతుంది. ఆ ప్రాకారానికీ స్తూపానికీ మధ్య ప్రదక్షిణ దారి. ఒక్క ప్రదక్షిణకే ఐదారు వందల అడుగులు నడవాలి. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు. ఉత్తర భారతంలో కనిపించని ఈ ఏర్పాటు కృష్ణా లోయ స్తూపాలకే ప్రత్యేకం. రాయి పల్నాటి సున్నపురాయి. కొత్తగా చెక్కినప్పుడు పాలతెలుపులో, కొంచెం ఆకుపచ్చ ఛాయతో మెరుస్తుంది. మెత్తటి రాయి కాబట్టి ఉలికి చక్కగా లొంగుతుంది. ఏనుగు తొండంలో ముడతలు, స్త్రీల నడుముల మీద మేఖలలు, భయపడి ఒకరినొకరు పట్టుకున్న జనం చేతులు అందుకే అంత సన్నగా పలికాయి. నలగిరి అనే మదపుటేనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చి బుద్ధుడి ముందు మోకరిల్లే దృశ్యం ఒకే గుండ్రటి ఫలకంలో ఉంది. ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకసారి విజృంభిస్తూ, ఒకసారి వంగి. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లను కూడా శిల్పి వదల్లేదు. ప్రపంచ శిల్పకళలో ఇంత కదలిక ఉన్న రాతి పలకలు చాలా తక్కువ. ఈ మాట ఊరి మీద అభిమానంతో అంటున్నది కాదు, లండన్ నుంచి చెన్నై వరకు ఈ రాళ్లను చూసిన కళాచరిత్రకారులు ఒప్పుకున్నదే.

ఇదంతా ఒక్కరోజులో లేచింది కాదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో మొదలైంది. అశోకుడి కాలపు శాసనం ఉన్న రాతి ముక్క ఒకటి ఇక్కడ దొరికింది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో శాతవాహనుల కింద పెద్ద ప్రాకారం నిండుగా లేచింది. ఆ తర్వాత కూడా పాత పలకలను తిప్పి వెనకవైపు కొత్త బొమ్మలు చెక్కి వాడారు. అలాంటి పలక ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక ముఖాన బోధివృక్షం కింద ఖాళీ ఆసనం చుట్టూ చేతులు జోడించిన భక్తులు, రెండో ముఖాన స్తూపం నిండు రూపం. మహాచైత్యం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు బాగా చెబుతున్నది ఈ రెండో ముఖమే, దానిలాంటి మరికొన్ని పలకలే.

ఖర్చు ఎవరు పెట్టారు? ఇక్కడే శాసనాలు మాట్లాడతాయి. విధికుడనే చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు, ఒక పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. అతను నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. దానంలో తనతోపాటు తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, కొడుకునూ, కూతుళ్లనూ, చుట్టాలనూ, స్నేహితులనూ చేర్చాడు. కొడుక్కి తాత పేరే, నాగుడు. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు ఎంత పాతదో ఆ రాయి చూపిస్తోంది. ఉపాధ్యాయుడి కొడుకు తోలుపనివాడు కావడం, ఆ పని పేరు దాచుకోకుండా రాతి మీద చెక్కించుకోవడం ఇంకా పెద్ద సంగతి.

వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనా కాలం పేర్కొన్న శాసనం మరొకటి ఉంది. పురి అనే గృహపతి సంతానం ఇంటివాళ్లందరితో కలిసి పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రం నిలిపిన వార్త అది. రాజు పేరు కాలం చెప్పడానికి వచ్చింది, దానం గృహస్థులది. రాజలేఖకుడు, సేనానాయకుడు, సుగంధ ద్రవ్యాల వర్తకుడు, నీటి సదుపాయం చూసే ఉద్యోగి, వర్తకుల భార్యలు, భిక్షువులు, భిక్షుణులు అందరూ దాతలే. భిక్షుణి బుద్ధరక్షిత తన కూతురితో కలిసి రాయి ఇచ్చింది. సన్యసించిన స్త్రీ దానం చేసేటప్పుడు కూతురిని పక్కన చేర్చుకుంది. సంసారం వదిలినా తల్లి తల్లిగానే ఉంది. ఈ రాళ్లలో కదిలించే చోటు అదే.

స్తూపం ఎందుకు పాడైంది? కూల్చినవాడు ఫలానా అని ఒకరి మీదికి నెట్టేయడం తేలిక, కానీ జరిగింది మెల్లగా. సుమారు 639లో చైనా యాత్రికుడు హ్యుయెన్ త్సాంగ్ ఇటు వచ్చేనాటికి విహారాలు చాలావరకు ఖాళీ అయ్యాయి, ఇరవై మాత్రం నడుస్తున్నాయని రాశాడు. అయినా దీపం పూర్తిగా ఆరలేదు. 1182లో కోట వంశపు కేతరాజు అమరేశ్వరాలయ స్తంభం మీద వేయించిన శాసనం ప్రకారం శివుడితోపాటు ఇక్కడి బుద్ధదేవుడికీ గ్రామాలు, అఖండ దీపాలు ఇచ్చాడు. శైవుడైన రాజు, శివాలయంలోని రాయి, బుద్ధుడికి దీపం. 1344లో శ్రీలంకలోని గడలదెణియ శాసనం ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల బుద్ధ ప్రతిమాగృహాన్ని బాగు చేయించాడని చెబుతోంది. అంటే పద్నాలుగో శతాబ్దం నడిమి దాకా సముద్రం దాటి ఇక్కడికి వచ్చిన బౌద్ధులున్నారు. ఆ తర్వాత జ్ఞాపకం చెరిగిపోయింది. ఊరివాళ్లు ఆ గుట్టను దీపాలదిన్నె అన్నారు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి ఇక్కడికి మారి కొత్త పట్టణం కట్టించాడు. అమరేశ్వరాలయాన్ని ఉద్ధరించిన మహాదాత ఆయన. పట్టణం కట్టడానికి ఇటుక, రాయి కావాలి. దీపాలదిన్నెలో రెండూ సిద్ధంగా ఉన్నాయి, పైగా లోపల నిధి ఉందన్న ప్రచారం. తవ్వారు. పలకలు చెరువు మెట్లకూ, గోడలకూ, ఇళ్లకూ వెళ్లాయి. తర్వాతి దశాబ్దాల్లో కొన్ని సున్నం బట్టీల్లో కాలాయి. ఆనాటి ఊళ్లో ఎవరికీ ఆ రాళ్ల మీది లిపి చదవడం రాదు. బ్రాహ్మీని జేమ్స్ ప్రిన్సెప్ 1837లోగానీ పూర్తిగా విప్పలేదు. కాబట్టి ఆ తరాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

తవ్వకం కబురు విని 1798లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ వచ్చాడు. ఆయనకు సాయపడ్డ కావలి సోదరులు మనవాళ్లే, ఏలూరు వాళ్లు. 1816లో, అప్పటికి భారత సర్వేయర్ జనరల్ హోదాలో, మళ్లీ వచ్చి చిత్రకారులతో పలకలను కొలిచి గీయించాడు. ఆ 80కి పైగా బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే రాళ్లు కొన్ని తర్వాత ఎవరికీ దొరకలేదు. మెకంజీ గీయించకపోతే అవి ఉన్నాయన్న సంగతే మనకు తెలిసేది కాదు.

గీయించినవాడి వెనకే తరలించేవాళ్లు వచ్చారు. కొన్ని కలకత్తా వెళ్లాయి. కొన్ని మచిలీపట్నంలో కొత్త బజారు నడుమ అలంకారంగా నిలిచాయి. 1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి ఏళ్లతరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిని, మొత్తం 121 ముక్కలను, ఓడలో లండన్ పంపారు. అక్కడా గోదాములే. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తుచరిత్రకారుడు ఫైఫ్ హౌస్ గుర్రపుబండ్ల శాలలో వాటిని కనుక్కుని, మరుసటి ఏడాది పెద్ద పుస్తకం అచ్చువేశాక ప్రపంచానికి అమరావతి పేరు తెలిసింది. ఆ శిల్పాలు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరి, దశాబ్దాలపాటు పెద్ద మెట్లదారి గోడల మీద ఉండి, 1992లో అద్దాల గదిలోకి మారాయి.

ఇక ఇక్కడ మిగిలిన గుట్టకు జరిగిన పెద్ద నష్టం 1880లో. 1877లో మద్రాసు ప్రభుత్వాధికారి రాబర్ట్ సెవెల్ వాయవ్య భాగంలో జాగ్రత్తగా తవ్వి, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసుకున్నాడు. ఆ తర్వాత మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మొత్తం స్థలాన్ని ఒక్క ఊపులో ఖాళీ చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. 1881 చివర్లో పురావస్తు సర్వేయరు జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి స్తూపం ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి ఉంది. వెంకటాద్రి నాయుడి కూలీలు ఇటుకల కోసం చేసిన పనిని, ప్రభుత్వం పురావస్తు శాస్త్రం పేరుతో పూర్తి చేసింది. దొరికిన పలకలు మద్రాసుకు వెళ్లాయి. ప్రాచీన కట్టడాల పరిరక్షణాధికారి హెచ్.హెచ్. కోల్ అప్పుడే అడ్డుచెప్పాడు. రాళ్లను ఉన్నచోటే ఉంచి, మ్యూజియాలకు అచ్చులు తీసి పంపితే చాలన్నాడు. ఆ మాట చెల్లలేదు. చెల్లి ఉంటే తుళ్లూరు పిల్లలు ఈ రోజు ‘ఇంతేనా?’ అని అడిగే అవసరం వచ్చేది కాదు. తర్వాత 1905 నుంచి అలెగ్జాండర్ రియా తవ్వకాల్లో పాత గ్రానైటు ప్రాకారం ముక్కలు, స్తూపం కన్నా ముందటి సమాధి కుండలు బయటపడ్డాయి. 1958-59లో దక్షిణ ఆయక వేదికలో స్ఫటిక ధాతు కరండాలు, అంటే అవశేషాలు దాచే భరిణెలు, దొరికాయి. మద్రాసు శిల్పాల మీద సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన గ్రంథం ఇప్పటికీ వాటికి ముఖ్యమైన దారిదీపం.

ఈ కథకు భూగోళం అవతలి వైపు ఒక తోబుట్టువు ఉంది. ఇవాళ అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాలు పిల్లల సెలవులకు మెక్సికో వెళ్లి చిచెన్ ఇట్సా, తులుమ్ లాంటి మాయా నాగరికత శిథిలాలు చూసివస్తున్నాయి. మాయా శిథిలాలకూ అమరావతి అనుభవమే ఎదురైంది. 1839లో అమెరికా యాత్రికుడు జాన్ లాయిడ్ స్టీఫెన్స్ హొండురాస్‌లోని కొపాన్ శిథిల నగరాన్ని 50 డాలర్లకు కొన్నాడు. శిల్పాలను న్యూయార్క్ తరలించాలన్నది ఆయన ఆలోచన, అది సాగలేదు. ఆయన వెంట వచ్చిన చిత్రకారుడు ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ గీసిన బొమ్మలు మాత్రం మెకంజీ బొమ్మల్లాగే చరిత్రకు ఆధారమయ్యాయి. 1880ల్లో ఇంగ్లిష్ అన్వేషకుడు ఆల్ఫ్రెడ్ మాడ్స్‌లే మెక్సికోలోని యశ్చిలాన్ నుంచి ద్వారబంధాల పై రాళ్లను బరువు తగ్గేలా కోయించి లండన్ చేర్చాడు. అమరావతి పలకలున్న బ్రిటిష్ మ్యూజియంలోనే అవీ ఉన్నాయి. ఒకే రోజున ఒకే కప్పు కింద రెండూ చూడొచ్చు. తేడా ఒకటుంది. యశ్చిలాన్ రాళ్ల మీద పేర్లున్నది రాజుకూ రాణికీ. అమరావతి రాళ్ల మీద తోలుపనివాడి తల్లీ, భార్యా, కూతుళ్లూ ఉన్నారు.

అందుకే పాత అమరావతికి వెళ్లే కుటుంబం స్తూపం దగ్గరే ఆగిపోకూడదు. పక్కనే భారత పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం మూసి ఉంటుంది. అక్కడ మహాచైత్యం నమూనా చూసి దిబ్బ దగ్గరికి తిరిగి వెళ్తే, ఇందాక బోసిగా అనిపించిన గుండ్రటి నేల అర్థమవుతుంది. 2006లో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి ఇక్కడికి వచ్చినప్పుడు దేశదేశాల నుంచి వేలమంది ఇదే నేల చుట్టూ తిరిగారు. బుద్ధుడు కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెట్ బౌద్ధుల నమ్మకం. పాత అమరావతి చూశాక, మద్రాసుకు తరలిన పలకలున్న చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి ఒక రోజు కేటాయించాలి. పెళ్లి చీరలకూ ఆస్పత్రికీ చెన్నై వెళ్లే గుంటూరు కుటుంబాలు ఎన్నో. అమరావతి గ్యాలరీలో గడిపే రెండు గంటలు ఆ ప్రయాణంలో ఇమిడిపోతాయి. రాళ్లు వెనక్కి రావాలన్న కోరిక న్యాయమైనది, దాన్ని వదులుకోనక్కర్లేదు. ఈలోగా చేయగల పని మరొకటి ఉంది. స్తూపం చుట్టూ నడిచే దారిలో విధికుడి పేరు, నాఖ పేరు, బుద్ధరక్షిత పేరు తెలుగులో, ఆరో తరగతి పిల్లలు నిలబడి చదువుకోగలిగేంత పెద్ద అక్షరాలతో కనిపించాలి. అశోకుడి పేరు పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉంది.

తిరుగు దారిలో తుళ్లూరు దాటి ఇంకొంచెం ముందుకు వెళ్తే మరో రాయి ఉంది. వెలగపూడి సచివాలయానికి దగ్గర్లో, మల్కాపురంలో, 1261 నాటి నిలువెత్తు రాతి స్తంభం. నాలుగు ముఖాలా సంస్కృతం, తెలుగు. కాకతీయ రాజు గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని ఇస్తానన్నాడు. కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. వంగదేశం వైపు నుంచి వచ్చిన ఆ శైవాచార్యుడు ఆ ఆదాయంతో ఇక్కడ గోళకీ మఠం, గుడి, వేదం, తర్కం, సాహిత్యం చెప్పే బడి, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం పెట్టించాడు. పాఠం చెప్పేవాళ్ల నుంచి వైద్యుడి దాకా, లెక్కలు రాసే కాయస్థుడి దాకా ఎవరికి ఎంత భూమి చెందాలో శాసనం విడివిడిగా చెబుతుంది. ఏడున్నర శతాబ్దాల కిందట పల్లెటూళ్ల శిస్తుతో పురిటి ఆస్పత్రి నడిచిందని రాతపూర్వకమైన ఆధారం దేశంలోనే అరుదు. రాజధాని ఊళ్లవాళ్లు ఈ స్తంభాన్ని చూడటానికి ఒక పూట చాలు, భోజనం కూడా మూట కట్టుకోనక్కర్లేదు. ఆ సత్రంలో బ్రాహ్మణుడి మొదలు చండాలుడి దాకా వచ్చినవారందరికీ ఎప్పుడూ అన్నం పెట్టాలని విశ్వేశ్వర శంభువు ఆ శాసనంలోనే రాయించాడు.